నమోదిత ఆర్కిటెక్టు: వృత్తి నైతికత, ప్రవర్తనా ప్రమాణాలు

పరిచయం

ఇల్లు కట్టించుకునే మనిషికి సిమెంటు బస్తా ధర తెలుసు, ఇటుక ధర తెలుసు, తాపీ మేస్త్రీ రోజు కూలీ తెలుసు. కాని ప్లానులో చూపిన మెట్ల వెడల్పు సరిపోతుందా, కాంట్రాక్టరు పెట్టిన బిల్లులో ఎంత పని నిజంగా జరిగింది అన్నవి అతనికి తెలియవు. తెలియవు కనుకనే ఆర్కిటెక్టును పెట్టుకుంటాడు. అంటే తాను సరిచూసుకోలేని సలహాకు డబ్బు చెల్లిస్తాడు. కూరగాయల బేరంలో పుచ్చు వంకాయ కంటికి కనిపిస్తుంది. వృత్తి నిపుణుడి సలహాలోని పుచ్చు ఏళ్ల తర్వాతగాని బయటపడదు, ఒక్కోసారి అసలు బయటపడదు. వైద్యులకు, న్యాయవాదులకు, ఆర్కిటెక్టులకు మామూలు వ్యాపార చట్టాలు చాలక ప్రత్యేక ప్రవర్తనా నియమావళి అవసరం కావడానికి కారణం ఇదే.

ఆర్కిటెక్టు అందించే సేవలను, ఒప్పందంలోని దశలను మీరు కిందటి పాఠంలో చదివారు. ఈ పాఠంలో ఆ సేవలను ఎలా అందించాలో, ఎలా అందించకూడదో భారతదేశంలోని చట్టం ఆధారంగా తెలుసుకుందాం. నియమాలు చాలా ఉన్నాయి. అన్నింటినీ వరుసగా కంఠస్థం చేయనక్కరలేదు. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను దగ్గర పెట్టుకోండి: ఈ నిర్ణయం తీసుకుంటున్నప్పుడు ఆర్కిటెక్టుకు ఎవరు డబ్బు ఇస్తున్నారు, ఆ సంగతి క్లయింటుకు తెలుసా? ఎక్కువ నియమాల అర్థం ఈ ప్రశ్నతోనే విడిపోతుంది.

1. చట్టం కాపాడేది పేరును

మన దేశంలో ఆర్కిటెక్టుల వృత్తిని క్రమబద్ధం చేసేది ఆర్కిటెక్ట్స్ చట్టం, 1972. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. ఆ చట్టం కిందనే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఏర్పడింది. గుర్తింపు పొందిన అర్హత ఉన్నవారి పేర్లను రిజిస్టరులో నమోదు చేయడం, ఆ విద్యకు కనీస ప్రమాణాలు నిర్ణయించడం, నమోదైనవారి ప్రవర్తనకు నిబంధనలు చేయడం దీని ముఖ్యమైన పనులు.

ఆర్కిటెక్టు అంటే ఎవరు? చట్టం ఇచ్చిన నిర్వచనం చాలా చిన్నది: ఆ సమయానికి రిజిస్టరులో ఎవరి పేరు ఉందో ఆ వ్యక్తి. ఐదేళ్లు బి.ఆర్క్. చదివి పట్టా చేతికి వచ్చినా, పేరు నమోదు కానంతవరకు చట్టం దృష్టిలో ఆ వ్యక్తి ఆర్కిటెక్టు కాడు. 'ఆ సమయానికి' అన్న మాటను గమనించండి. నిన్న ఉన్న పేరు ఈరోజు తొలగిపోతే ఆ హోదా కూడా పోతుంది. నమోదైన ప్రతివారికీ 'సి.ఎ.' అక్షరాలతో, నమోదు సంవత్సరంతో మొదలయ్యే సంఖ్య ఇస్తారు. ఇల్లు కట్టించుకునేవారు అడిగి తెలుసుకోవలసిన మొదటి వివరం అదే.

చట్టంలోని 37వ సెక్షను ప్రకారం నమోదు కానివారు 'ఆర్కిటెక్టు' అన్న పేరును, హోదాను వాడుకోరాదు. తోటలు, బహిరంగ స్థలాలు రూపొందించే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు, ఓడలు రూపొందించే నావల్ ఆర్కిటెక్టు అన్న పేర్లకు మినహాయింపు ఉంది. ఉల్లంఘనకు 1972లో పెట్టిన శిక్ష మొదటిసారికి 500 రూపాయల వరకు జరిమానా. మళ్లీ చేస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆనాటి 500 రూపాయలను ఈనాటి ధరలతో పోల్చి చూస్తే, ఒక్క జరిమానా భయంతో ఈ వృత్తి గౌరవం నిలబడదని మీకే అర్థమవుతుంది.

మరి నమోదు కానివారు భవనాలకు ప్లాన్లు గీయవచ్చా? దీనిమీద చాలాకాలం వాదాలు నడిచాయి. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్, ముఖేశ్ గోయల్ కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చి 17న స్పష్టత ఇచ్చింది. 37వ సెక్షను నిషేధించేది ఆ పేరు వాడకాన్నే గాని, భవనాల రూపకల్పన, పర్యవేక్షణ, నిర్మాణం అనే పనులను కాదని తేల్చింది. అదే సమయంలో, నమోదు కాని వ్యక్తిని 'ఆర్కిటెక్టు' అన్న పేరున్న ఉద్యోగంలో కూర్చోబెట్టడం కుదరదని కూడా చెప్పింది.

ఈ తీర్పుతో వృత్తి విలువ తగ్గిందని బాధపడినవారు ఉన్నారు. ప్రవర్తనా నియమావళి కోణం నుంచి చూస్తే విషయం మరోలా కనిపిస్తుంది. పని ఎవరైనా చేయవచ్చు. ఆ పేరుతో చేసేవారు మాత్రం నియమావళికి కట్టుబడి చేస్తారు. నమోదు కాని డిజైనరు మోసం చేస్తే క్లయింటు కోర్టుకో వినియోగదారుల కమిషనుకో వెళ్లవచ్చు, కాని కౌన్సిలుకు ఫిర్యాదు చేయలేడు, ఎందుకంటే తొలగించడానికి రిజిస్టరులో అతని పేరే లేదు. అంటే 'ఆర్కిటెక్టు' అన్న బోర్డు కింద కూర్చున్నవారు తమ మీద ఫిర్యాదు చేసే హక్కును కూడా క్లయింటుకు ఇచ్చి కూర్చున్నారన్నమాట. ఈ పేరుకు ఉన్న అదనపు విలువ అదే.

2. 1989 నిబంధనలు

చట్టంలోని 22వ సెక్షను వృత్తి ప్రవర్తనకు, మర్యాదలకు, నైతిక నియమావళికి సంబంధించిన నిబంధనలు చేసే అధికారాన్ని కౌన్సిలుకు ఇచ్చింది. దాని ప్రకారం వచ్చినవే ఆర్కిటెక్ట్స్ (వృత్తి ప్రవర్తన) నిబంధనలు, 1989. సొంత ప్రాక్టీసు చేసేవారికే కాదు, ఉద్యోగంలో ఉన్నవారికి కూడా ఇవి వర్తిస్తాయి. ప్రభుత్వోద్యోగులైతే తమ ఉద్యోగ ప్రవర్తనా నియమాలకు లోబడి వీటిని పాటించాలి. భాగస్వామ్య సంస్థ అయితే ఆ సంస్థ ఈ నియమాలు పాటించేలా చూసే బాధ్యత ప్రతి భాగస్వామిదీ. తప్పు చేసినవాడు పక్క గదిలో కూర్చునే భాగస్వామి అన్న సమాధానం చెల్లదు. నిబంధనల్లో దేన్ని ఉల్లంఘించినా అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుంది.

నిబంధనలు పెద్ద మాటలతో మొదలవుతాయి: పర్యావరణ నాణ్యతకు, సమాజ భవిష్యత్తుకు భంగం కలగకుండా పని చేయాలి, తన నైపుణ్యాన్ని దేశాభివృద్ధికి వినియోగించాలి, ఉన్నత స్థాయి సేవ అందించాలి. తర్వాత నేలమీదికి దిగుతాయి: పని ఒప్పుకునే ముందు నియామక షరతులను, ఫీజును క్లయింటుకు తెలియజేసి, వాటిమీదే నియామకం జరిగేలా చూడాలి. క్లయింటు ముందస్తు అంగీకారం లేకుండా తనకు అప్పగించిన పనిని మరో ఆర్కిటెక్టుకు అప్పగించరాదు. వీటిలో ఎక్కువ చర్చ అవసరమైన నాలుగైదింటిని విడివిడిగా చూద్దాం.

3. కమీషన్

క్లయింట్లను గాని, పనిని గాని పరిచయం చేసినందుకు తగ్గింపులు, కమీషన్లు, కానుకలు, మరే ఇతర ప్రలోభాలు ఇవ్వరాదు, తీసుకోరాదు. నియమం ఇంతే. 'తీసుకోరాదు' అన్నదాన్ని అందరూ గుర్తుంచుకుంటారు. 'ఇవ్వరాదు' అన్నదాన్ని మరిచిపోతారు. పని ఇప్పించినందుకు రియల్ ఎస్టేట్ మధ్యవర్తికి ముట్టజెప్పే వాటా కూడా దీని కిందికే వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. క్లయింటు టైల్సు, శానిటరీ సామాను కొనాలి. మొత్తం 8 లక్షల రూపాయల కొనుగోలు. ఆర్కిటెక్టు ఒక దుకాణం పేరు చెప్తాడు. ఆ దుకాణం బిల్లులో 5 శాతం, అంటే 40,000 రూపాయలు, తర్వాత ఆర్కిటెక్టుకు పంపుతుంది. క్లయింటుకు ఈ సంగతి తెలియదు. దుకాణదారు వైపు నుంచి చూస్తే ఆర్కిటెక్టు అతనికి ఒక ఖాతాదారును పరిచయం చేశాడు, దానికి ప్రతిఫలం అందుకున్నాడు.

ఇలాంటి చోట మూడు సమర్థనలు వినిపిస్తాయి. మొదటిది, అందరూ తీసుకుంటున్నారు అన్నది. దీనికి జవాబు అనవసరం. రెండోది, దుకాణం ఎవరికైనా అదే ధరకు ఇస్తుంది కదా, క్లయింటుకు నష్టమేముంది అన్నది. ఇది కాస్త ఆలోచించవలసిన వాదన. 40,000 రూపాయలు వదులుకోగలిగిన దుకాణం ఆ మేరకు ధర తగ్గించగలదు కూడా. ఆ తగ్గింపు చేరవలసింది కొన్నవాడికి. ధర అలా ఉంచండి, పెద్ద నష్టం మరొకటి ఉంది. స్నానాల గదిలో జారని గరుకు టైలు వేయాలని ఆర్కిటెక్టుకు తెలుసు, ఆ దుకాణంలో ఉన్నవన్నీ నున్నటి మెరుపు టైల్సే అనుకోండి. అప్పుడు అతను ఏం సలహా ఇస్తాడు? నిజాయితీగా ఇస్తాడేమో, ఇవ్వడేమో. క్లయింటుకు మాత్రం ఆ సంగతి తెలుసుకునే దారి లేదు. అతను ఫీజు కట్టింది ఆర్కిటెక్టు అభిప్రాయానికి. ఆ అభిప్రాయానికి చాటుగా మరొకరు కూడా డబ్బు కట్టారు.

మూడో సమర్థన నిజానికి దగ్గరగా ఉంటుంది: క్లయింట్లు సరైన ఫీజు ఇవ్వరు, కమీషను లేకపోతే ఆఫీసు అద్దె కూడా గడవదు. ఇందులో ఆర్థిక వాస్తవం ఉంది. దాన్ని కాదనలేం. అందుకే నిబంధనలు కమీషన్ల దగ్గరే ఆగకుండా ఫీజు దగ్గరికి కూడా వెళ్లాయి. కౌన్సిలు నిర్ణయించిన నియామక షరతులను, ఫీజు ప్రమాణాలను పాటించాలి. ఇతర ఆర్కిటెక్టులతో పోటీ పడి ఉచితంగా గాని, తగ్గించిన ఫీజుకు గాని డిజైన్లు తయారు చేయరాదు. కౌన్సిలు ఆమోదించిన మార్గదర్శకాల ప్రకారం జరిగే డిజైన్ పోటీలకు మాత్రం మినహాయింపు. ఫీజు తగ్గించి పని పట్టుకున్నవాడు ఆ లోటును ఎక్కడో ఒకచోట పూడ్చుకోవలసి వస్తుంది. ఆ 'ఎక్కడో' చాలాసార్లు టైల్సు దుకాణమే అవుతుంది. కనుక తక్కువ ఫీజును, చాటు కమీషనును రెండు వేర్వేరు తప్పులుగా చూడకండి. మొదటిది రెండోదానికి తలుపు తీస్తుంది.

దుకాణం దానంతట అదే తగ్గింపు ఇవ్వజూపితే ఏం చేయాలి? ఆ తగ్గింపును క్లయింటు బిల్లులోనే చూపమని అడగాలి, ఆ సంగతి క్లయింటుకు రాతపూర్వకంగా తెలపాలి. ఒక్క ఉత్తరంతో అయిపోయే పని ఇది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి: దీపావళికి కాంట్రాక్టరు ఆర్కిటెక్టు ఇంటికి మిఠాయి డబ్బా పంపాడు. మరో కాంట్రాక్టరు అదే పండగకు బంగారు నాణెం పంపాడు. రెండింటికీ తేడా ఉందా? ఉంటే ఆ గీతను మీరు ఎక్కడ గీస్తారు? విలువను బట్టా, లేక ఆ సమయానికి ఆ కాంట్రాక్టరు బిల్లు మీ బల్లమీద ఉందా లేదా అన్నదాన్ని బట్టా? మీ జవాబును అయిదారు వాక్యాల్లో రాసుకోండి.

4. క్లయింటు మనిషి, అయినా తీర్పరి

ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పాత్ర ఇది. నిర్మాణ ఒప్పందం యజమానికి, కాంట్రాక్టరుకు మధ్య ఉంటుంది. ఆర్కిటెక్టుకు ఫీజు ఇచ్చేది యజమాని. అయినా ఆ ఒప్పందాన్ని అమలు జరిపేటప్పుడు న్యాయంగా, నిష్పక్షపాతంగా వ్యవహరించాలని నిబంధన చెప్తుంది. న్యాయవాది తన కక్షిదారు పక్షమే వాదిస్తాడు, ఎదుటివారి మేలు చూడటం అతని పని కాదు. ఆర్కిటెక్టుకు ఆ వెసులుబాటు లేదు. డిజైను గీసేటప్పుడు అతను క్లయింటు మనిషి. బిల్లు ధ్రువీకరించేటప్పుడు మాత్రం ఇద్దరి మధ్య నిలబడే తీర్పరి.

అంకెలతో చూద్దాం. కాంట్రాక్టరు ఈ నెల రన్నింగు బిల్లు 6,20,000 రూపాయలకు పెట్టాడు. ఆర్కిటెక్టు సైటుకు వెళ్లి గోడలు, ప్లాస్టరింగు కొలిచి, కొలతల పుస్తకంతో సరిచూస్తే జరిగిన పని విలువ 5,70,000 తేలింది. ఇంతలో యజమాని ఫోను చేసి, "ఈ నెల మా అమ్మాయి పెళ్లి ఉందండీ, చేతిలో డబ్బు ఆడటం లేదు. నాలుగు లక్షలకే రాయండి, మిగతాది వచ్చే బిల్లులో చూసుకుందాం" అన్నాడు.

కాంట్రాక్టరు అడిగిన 6,20,000 రాయకూడదని అందరికీ తెలుసు. యజమాని అడిగిన 4,00,000 కూడా రాయకూడదు. రాయవలసింది 5,70,000. ఒప్పందంలో 5 శాతం రిటెన్షను ఉంటే 28,500 పట్టుకుని 5,41,500 రూపాయల చెల్లింపునకు ధ్రువపత్రం ఇవ్వాలి. డబ్బు ఇబ్బంది నిజమైనదే అయితే యజమాని, కాంట్రాక్టరు కూర్చుని గడువు మాట్లాడుకోవచ్చు. ఆర్కిటెక్టు ఆ మాటలకు సాయం కూడా చేయవచ్చు. అయితే గడువు వేరు, కొలత వేరు. కొలిచిన పనిని తక్కువ చేసి రాస్తే అది అబద్ధపు ధ్రువపత్రం. దాని భారం చివరికి ఎవరిమీద పడుతుందో కూడా చూడండి: బిల్లు తెగితేగాని కాంట్రాక్టరు మేస్త్రీకి ఇవ్వడు, మేస్త్రీ చేతికి వస్తేగాని పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన కూలీలకు శనివారం బట్వాడా జరగదు.

ఈ నిష్పక్షపాతం యజమానికీ రక్షణే. రేపు శ్లాబుకు నీటితడి సరిగా పెట్టలేదని ఆర్కిటెక్టు పనిని తిరస్కరించినప్పుడు, నిన్నటి బిల్లును న్యాయంగా రాసినవాడి మాటకు కాంట్రాక్టరు తల వంచుతాడు. నిన్న యజమాని చెప్పినట్టు రాసినవాడి తిరస్కారాన్ని ఇవాళ కూడా యజమాని మాటగానే తీసుకుంటాడు.

5. మరొకరి చేతిలో ఉన్న పని

ఒక ఆర్కిటెక్టును తప్పించి ఆ స్థానంలోకి రావడానికి మరో ఆర్కిటెక్టు ప్రయత్నించరాదు. మరొకరిని ఎంపిక చేశారని, నియమించారని తెలిసిన పనిని, ఆ నియామకం రద్దయిందని ఆధారం దొరికేవరకు ఒప్పుకోరాదు. ఒప్పుకుంటున్నట్టు ముందున్న ఆర్కిటెక్టుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

విద్యార్థులు దీన్ని తరచుగా 'ముందున్నవారి అనుమతి కావాలి' అని రాస్తుంటారు. నియమం అనుమతి అడగలేదు. అడిగింది రెండే: రద్దయినట్టు ఆధారం, రాతపూర్వకమైన సమాచారం. అనుమతే తప్పనిసరి అయితే, నచ్చని ఆర్కిటెక్టును మార్చుకునే స్వేచ్ఛ క్లయింటుకు ఉండేది కాదు. రాతపూర్వక సమాచారం వల్ల బాకీ ఉన్న ఫీజు సంగతి బయటికి వస్తుంది, క్లయింటు ఇద్దరి చేతా పని చేయించుకుని ఒకరికే డబ్బు ఇచ్చే వీలు తగ్గుతుంది.

ముందున్నవారి డ్రాయింగుల మాటేమిటి? కాపీరైటు చట్టం, 1957 ప్రకారం వాస్తుకళా కృతి, దాని డ్రాయింగులు కళాకృతులే. వాటిని తీసుకుని పేరు మార్చి, ఎలివేషను కాస్త దిద్ది సమర్పించడం నియమావళికే కాదు, ఆ చట్టానికి కూడా విరుద్ధం.

పని ఎవరికివ్వాలో తేల్చుకోని తొలిదశలో క్లయింటు ఎందరు ఆర్కిటెక్టులనైనా సంప్రదించవచ్చు, కాని సంప్రదించిన ప్రతివారికీ రుసుము చెల్లించాలి. 'నాలుగు స్కీములు తెప్పించుకుని నచ్చినది తీసుకుందాం' అనే పద్ధతి మన పట్టణాల్లో ఎంత మామూలైపోయిందో మీకు తెలియనిది కాదు.

6. సంతకం

నిబంధనల్లో 'సంతకం అమ్ముకోరాదు' అని విడిగా రాసి ఉండదు. ఉన్నత స్థాయి నిజాయితీ కాపాడాలి, వృత్తిమీద ప్రజలకున్న నమ్మకం తగ్గేలా ప్రవర్తించరాదు అన్న నియమాలే దీనికి చాలు. ఎవరో గీసిన ప్లానుమీద, స్థలం కూడా చూడకుండా, ఇంత అని తీసుకుని సంతకం చేసి ఇవ్వడాన్ని గురించే మాట్లాడుతున్నాం.

ఈ సంతకం విలువ ఇటీవలి కాలంలో పెరిగింది. తెలంగాణలో 2020లో వచ్చిన భవన అనుమతుల, స్వీయ ధ్రువీకరణ చట్టం, అందరూ టీఎస్-బీపాస్ అని పిలిచేది, 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు నివాస భవనాలకు స్వీయ ధ్రువీకరణ మీద తక్షణ అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. అధికారి ముందుగా వచ్చి చూసి అనుమతి ఇచ్చే పాత పద్ధతిలో తప్పును పట్టుకోవడానికి ఒక చెయ్యి అదనంగా ఉండేది. ప్రకటననే నమ్మి అనుమతి ఇచ్చే పద్ధతిలో ఆ చెయ్యి తర్వాతగాని రాదు. ప్లానులో చూపిన సెట్‌బ్యాకు స్థలంమీద ఉందా, రోడ్డు వెడల్పు రాసినంత ఉందా అన్న ప్రశ్నలకు ముందుగా పూచీ పడేది యజమాని ప్రకటన, దానికి తోడు నిలిచే సాంకేతిక నిపుణుడి సంతకం. పక్కింటివాడి కిటికీకి రావలసిన గాలి కూడా ఆ సంతకంమీదే ఆధారపడి ఉంటుంది.

కనుక సంతకం చేసే ముందు స్థలం చూడండి, కొలవండి, డ్రాయింగు మీ పర్యవేక్షణలో తయారైందో లేదో చూసుకోండి. మధ్యలో పని నుంచి తప్పుకుంటే ఆ సంగతిని అనుమతి ఇచ్చిన సంస్థకు వెంటనే రాతపూర్వకంగా తెలపండి. తెలపకపోతే, మీరు చూడని అంతస్తుకు కూడా కాగితాల్లో మీ పేరే ఉంటుంది.

7. క్లయింటు కోరిక, ప్రజల భద్రత

2001 జనవరి 26న కచ్‌లో వచ్చిన భూకంపంలో, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో అనేక బహుళ అంతస్తుల అపార్ట్‌మెంట్లు కూలి జనం చనిపోయారు. కూలినవాటిలో చాలావాటికి ఒక పోలిక ఉంది: కార్లు నిలపడానికి నేల అంతస్తును గోడలు లేకుండా స్తంభాలమీద వదిలేశారు. పై అంతస్తుల్లో గోడలున్నాయి, అవి గట్టిగా నిలబడ్డాయి. కింద ఒత్తిడంతా స్తంభాలమీద పడింది. తర్వాత బిల్డర్లతో పాటు ఇంజనీర్లు, ఆర్కిటెక్టుల మీద కూడా కేసులు నమోదయ్యాయి.

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలో ఏ వీధికి వెళ్లినా మీకు కనిపించేది ఇలాంటి స్టిల్టు పార్కింగే. అది తప్పని చెప్పడం లేదు. ఆ అంతస్తును తగినంత దృఢంగా రూపొందించే పద్ధతులు ఉన్నాయి. ఆర్కిటెక్టు చేయవలసింది స్ట్రక్చరల్ ఇంజనీరుతో మొదటి నుంచీ కలిసి పనిచేయడం, అతనితో పని పరిధి, బాధ్యత, ఫీజు స్పష్టంగా రాసుకోవడం. సలహా నిపుణులతో ఇలాంటి ఒప్పందం ఉండాలని, వారి వృత్తిపరమైన కృషిని గుర్తించాలని నిబంధనలు కూడా చెప్తాయి.

మన ప్రాంతంలో తరచుగా ఎదురయ్యే సందర్భం మరొకటి: వాస్తు. శ్లాబు పడబోయే వారంలో వాస్తు సలహాదారు వచ్చి నీళ్ల ట్యాంకును నైరుతి మూలకు మార్చమంటాడు. క్లయింటు నమ్మకాన్ని విమర్శించడం ఆర్కిటెక్టు పని కాదు. ఇల్లు క్లయింటుది, అందులో మనశ్శాంతిగా ఉండాల్సింది అతనే. కాని 5,000 లీటర్ల ట్యాంకు నిండితే నీటి బరువే 5 టన్నులు. ఆ మూల స్తంభాన్ని, దూలాన్ని అంత బరువుకు రూపొందించారా? ఇంజనీరు మళ్లీ లెక్క కట్టేవరకు పని ఆపమని, దానికి అయ్యే ఖర్చు ఇంత అని రాతపూర్వకంగా చెప్పాలి. క్లయింటు సరే అంటే మార్చవచ్చు. లెక్క లేకుండానే మార్చేయండి అంటే కాదనాలి. అప్పటికీ వినకపోతే, కారణం రాసి తప్పుకోవడం తప్ప దారి లేదు. క్లయింటు ఒత్తిడి చేశాడన్నది స్తంభం వంగిన తర్వాత పనికిరాదు. ఆ ఇంట్లో రేపు అద్దెకు ఉండేవారు ఈ ఒప్పందంలో లేనేలేరు, వారి తరఫున మాట్లాడటానికి ఆ సమయంలో అక్కడ ఉన్నది ఆర్కిటెక్టు ఒక్కడే.

8. ప్రకటనలు, సిబ్బంది

ఆర్కిటెక్టు తన వృత్తి సేవలకు ప్రకటనలు ఇచ్చుకోరాదు. చిరునామా మార్పు తెలపడం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఆఫీసు బయట, తాను చేసిన భవనంమీద పేరు పెట్టుకోవచ్చు, అక్షరాల ఎత్తు మాత్రం 10 సెంటీమీటర్లు దాటకూడదు. చేతి ఫోనులోనే ప్రతివారూ తమ పనిని ప్రదర్శించుకుంటున్న ఈ రోజుల్లో 10 సెంటీమీటర్ల నియమం నవ్వు తెప్పించవచ్చు. అయితే దాని వెనుక ఉన్న ఆలోచన పాతబడలేదు: పని చూసి పేరు రావాలిగాని, పేరు చూసి పని రాకూడదు.

సిబ్బంది గురించిన నియమాలను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఉద్యోగులకు తగిన పనిచోటు, న్యాయమైన ప్రతిఫలం ఇవ్వాలి, వారి వృత్తిపరమైన ఎదుగుదలకు తోడ్పడాలి, వారి కృషిని గుర్తించాలి. శిక్షణ పేరుతో విద్యార్థి చేత నెలల తరబడి జీతం లేకుండా రాత్రింబవళ్లు డ్రాయింగులు గీయించుకునే కార్యాలయం, గోడమీద నియమావళి ఫ్రేము కట్టించి పెట్టుకున్నా, ఈ నియమాన్ని పాటిస్తున్నట్టు కాదు. మీలో కొందరు ఆ బల్లల దగ్గర కూర్చునే ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు.

9. ఫిర్యాదు, విచారణ

ఒక ఆర్కిటెక్టు దుష్ప్రవర్తనకు పాల్పడ్డాడని ఎవరైనా కౌన్సిలుకు ఫిర్యాదు చేయవచ్చు. రుజువైతే వృత్తికి అనర్హుణ్ణి చేసేంత తీవ్రమైనదని కౌన్సిలు భావిస్తే, చట్టంలోని 30వ సెక్షను కింద విచారణ జరపవచ్చు. ఆర్కిటెక్టు చెప్పేది విన్న తర్వాతే నిర్ణయం. మందలించవచ్చు, కొంతకాలం వృత్తి నుంచి నిలిపివేయవచ్చు, రిజిస్టరు నుంచి పేరు తొలగించవచ్చు, తగినదని తోచిన మరో ఉత్తర్వు ఇవ్వవచ్చు.

ఒక తేడా గుర్తుంచుకోండి. ఈ విచారణ ఆర్కిటెక్టు అర్హత గురించి. ఫిర్యాదు చేసిన క్లయింటుకు పోయిన డబ్బు తిరిగి ఇప్పించడం దీని ఉద్దేశం కాదు. పరిహారం కావాలంటే వేరే న్యాయమార్గాలు వెతుక్కోవాలి. ఫిర్యాదుకు బలం ఇచ్చేవి కాగితాలు: నియామక ఉత్తరం, ఒప్పందం, డ్రాయింగులు, బిల్లులు, ఉత్తర ప్రత్యుత్తరాలు. 'నోటిమాటమీద అనుకున్నాం' అన్నది ఇద్దరినీ దెబ్బతీస్తుంది.

దుష్ప్రవర్తన ఒక్కటే కాక, 29వ సెక్షను కింద పొరపాటున గాని, వాస్తవాలు దాచి గాని నమోదైన పేరును, నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్ష పడినవారి పేరును, దివాలా తీసి దాని నుంచి విముక్తి పొందనివారి పేరును కూడా తొలగించే వీలుంది. పేరు తొలగినవారు నమోదు పత్రాన్ని తిరిగి అప్పగించాలి. తగిన కారణాలు ఉన్నాయని కౌన్సిలు భావిస్తే తర్వాత ఆ పేరును మళ్లీ చేర్చే అధికారం కూడా దానికి ఉంది.

అభ్యాసం

కింది సందర్భాన్ని చదివి, ఏ నియమాలు వర్తిస్తాయో పేర్కొంటూ రెండు పుటలకు మించకుండా జవాబు రాయండి.

ఒక చిన్న పట్టణంలో మీరు కొత్తగా ఆఫీసు తెరిచారు. దూరపు బంధువు ఒకాయన మూడంతస్తుల ఇంటి పని అప్పగిస్తానంటూ వచ్చారు. పునాదులు అప్పటికే పడ్డాయి. ముందు చూసిన ఆర్కిటెక్టు "ఊరికే కొర్రీలు పెడుతున్నాడు" అని ఆయన మాట. ఆ కొర్రీలేమిటని అడిగితే, అనుమతిలో లేని నాలుగో అంతస్తుకు డ్రాయింగు ఇవ్వనన్నాడని తెలిసింది. ముందున్న ఆర్కిటెక్టుకు రెండు దశల ఫీజు బాకీ ఉంది. "బాబూ, నువ్వు మనవాడివి, ఫీజు సగం తీసుకో, గ్రానైటు, టైల్సు అన్నీ నువ్వు చెప్పిన షాపులోనే కొంటాను" అన్నారు. మీకు ఇంకా వేరే పని ఏదీ రాలేదు. ఆయనకు మీరు రాసే ఉత్తరం ఎలా ఉంటుంది?